బొంత దానానికి ముందు దండెం చూడండి: నాలుగు రకాల అతుకుల బొంతల పోలిక

ఇంట్లో అయిదారు పాత నూలు చీరలున్నాయి. వీధి చివర దర్జీ గోనెసంచి నిండా కత్తిరింపు ముక్కలు ఇస్తానన్నాడు. కాలి మిషను ఉంది. చలి ముదిరేలోపు నాలుగు బొంతలు కుట్టి ఎవరికైనా ఇద్దామని కూర్చుంటే సందేహాలు మొదలవుతాయి. చీరల పొరలు వేసి చేత్తో కుట్టాలా? గళ్ళు కోసి అతకాలా? పీలికలన్నీ కలిపేయాలా? లోపల దూది పెట్టాలా, వద్దా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో బొంత తెలియనివాళ్ళు లేరు. పక్కింటి ఒడియావాళ్ళు దాన్నే కంథా అంటారు. అయితే ఇంటి బొంత వేరు, దానం బొంత వేరు. ఇంట్లో బొంత చినిగితే కుట్టినావిడే ఇంకో అతుకు వేస్తుంది. ఇచ్చేసిన బొంతకు ఆ దిక్కు ఉండదు. దాన్ని ఎవరో ఉతుకుతారు, ఎక్కడో ఆరేస్తారు, చినిగితే పక్కన పడేస్తారు. అందుకే రకం ఎంచుకునేటప్పుడు మన దగ్గరున్న ముక్కల మూటకంటే ముందు వాళ్ళ దండెం చూడాలి.

తేల్చుకోవలసినవి

మొదటిది ఉతుకు. నూలు బొంత నీళ్ళు తాగితే పిండకముందు పొడి బరువుకి రెండు మూడింతలు తూగుతుంది. కిలోంబావు బొంతను పదేళ్ళ పిల్ల కూడా నూతి దగ్గర జాడించగలదు. రెండున్నర కిలోల దూది బొంతను తడిపితే ఇద్దరు పెద్దవాళ్ళు చెరోవైపు పట్టుకుని పిండాలి. వృద్ధాశ్రమంలో ఒక్క ఆయా ఇరవై మంది పక్కలు ఉతుకుతుంటే ఆ దూది బొంత నీళ్ళ ముఖం చూడదు. నెల తిరిగేసరికి వాసన, ఆ తర్వాత బూజు.

రెండోది చలి. బరంపురం సముద్రానికి దగ్గర, అక్కడ చలికాలంలోనూ రెండు పొరల బొంత చాలు. అదే కోరాపుట్ పీఠభూమి మీద సిమిలిగుడ, పొట్టంగి వైపు పుష్యమాసపు రాత్రి నాలుగు పొరలైనా కావాలి. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన దేవమాలి కొండ (1,672 మీటర్లు) ఆ చుట్టుపక్కలదే.

మూడోది నిప్పు. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. కొండ ఊళ్ళలో పొయ్యి పక్కనే, చలిమంట పక్కనే పడుకుంటారు. నూలుకీ నిప్పు అంటుకుంటుంది గానీ, పాలిస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అలాంటి ఇళ్ళకు వెళ్ళే బొంతలో సింథటిక్ చీర ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు.

నాలుగోది సంఖ్య. ముప్పై మంచాలున్న హాస్టలుకు పన్నెండు బొంతలు పట్టుకెళితే పద్దెనిమిది మంది పిల్లలు చూస్తూ ఉంటారు. ఎన్ని కుట్టగలమో ముందు లెక్క వేసుకుని, అన్ని మంచాలే ఉన్న చోటు వెతకడం మంచిది.

పక్కపక్కన పెట్టి చూస్తే

కింది లెక్కలన్నీ 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు బొంతకు. హాస్టలు మంచం మామూలుగా 3 అడుగులు × 6 అడుగులు కాబట్టి దాని మీద పక్కలు దోపుకోవడానికి సరిపోతుంది. బరువులు, గంటలు సుమారుగా వేసినవి. చేతి వేగం, గుడ్డ మందం బట్టి అటూ ఇటూ అవుతాయి.

| | చీరల పొరల బొంత | గళ్ళ బొంత | పీలికల బొంత | దూది బొంత |
|---|---|---|---|---|
| సరుకు | 3 నూలు చీరలు | 140 ముక్కలు, ఒక దుప్పటి, లోపలికి చీర | సన్న ముక్కలు, రెండు పాత దుప్పట్లు | ముఖం, అడుగు గుడ్డలు, కిలోన్నర దూది |
| పొడి బరువు | కిలో, కిలోంబావు | కిలోంబావు | కిలోన్నర | రెండు, రెండున్నర కిలోలు |
| పని | చేత్తో 16 గంటలు | మిషను మీద 8 నుంచి 10 | మిషను మీద 15 పైన | 5, 6 (దూది ఏకించడం కాక) |
| మంచి ఎండలో ఆరడం | ఒక పూట | ఒక పూట, కాస్త ఎక్కువ | రోజంతా | రెండు మూడు రోజులు |
| వెచ్చదనం | మధ్యస్థం | మధ్యస్థం | బాగుంటుంది | అన్నిటికంటే ఎక్కువ |
| ముందుగా పాడయ్యేది | అంచు | కుట్ల దగ్గర పీచు ఊడడం | బిరుసెక్కడం | దూది గడ్డ కట్టడం |

చీరల పొరల బొంత

మిషను లేనివాళ్ళకు, నలుగురు ఆడవాళ్ళు మధ్యాహ్నం కలిసి కూర్చునే చోట, ఇదే సరైన రకం. ఈ బొంత ఇంత మెత్తగా ఉండడానికి కారణం కొత్త గుడ్డ లేకపోవడమే. ఏళ్ళ తరబడి ఉతికిన చీరలో గంజి, బిరుసు మిగలవు, ఇక ముడుచుకునేదీ ఉండదు.

కోత ఇలా. అయిదున్నర మీటర్ల చీర పొడవు దాదాపు 216 అంగుళాలు, వెడల్పు 45. దానిలోంచి 84 అంగుళాల నిండు ముక్కలు రెండు వస్తాయి, 48 అంగుళాల తునక మిగులుతుంది. బొంత వెడల్పు 60 అంగుళాలు కావాలి కాబట్టి ప్రతి పొరకూ ఒక నిండు ముక్కకు 15 అంగుళాల పట్టీ ఒకటి పక్కన కలపాలి. ఒక నిండు ముక్కను నిలువునా కోస్తే మూడు పట్టీలు. అంటే నాలుగు పొరలకు నాలుగు నిండు ముక్కలు, నాలుగు పట్టీలు. మూడు చీరలతో అయిపోతుంది. మిగిలిన మూడు తునకలు పారేయవద్దు, వాటి సంగతి కింద వస్తుంది. పట్టీని ఒక పొరలో ఎడమవైపు, తర్వాతి పొరలో కుడివైపు రానివ్వండి. అన్నీ ఒకేవైపు వస్తే అక్కడ తాడులా గట్టుకట్టి పడుకున్నప్పుడు ఒత్తుకుంటుంది.

కోసేముందు చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. కూర్చునే చోట, మోకాళ్ళ దగ్గర వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. ఆ భాగం లోపలి పొరల్లోకి. పమిట, అంచు దగ్గర గట్టిగా ఉంటుంది, అది పై పొరలోకి. వేలితో లాగితే చిరిగేది ఎక్కడికీ వద్దు.

పొరలన్నీ నేల మీద ముడత లేకుండా పరిచి, జానెడు దూరానికొక కచ్చా కుట్టు వేయాలి. నడిమి నుంచి అంచులకు వెళ్ళాలి. అంచుల నుంచి లోపలికి వస్తే ముడతలన్నీ మధ్యలో పోగవుతాయి. తర్వాత అసలు కుట్టు: సూదిని పైకీ కిందకీ పోనిస్తూ, వడ్లగింజంత పొడవు కుట్లు, అంగుళానికొక వరస. 60 వరసలు, ఒక్కోటి 7 అడుగులు, మొత్తం 420 అడుగులు, అంటే దాదాపు 128 మీటర్ల కుట్టు. గంటకు 8 మీటర్లు నడిచే చేతికి 16 గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఎనిమిది రోజులు. దారం రెండు మూరలకు మించి తీసుకుంటే చిక్కులు పడుతుంది. ప్రతి వరస చివర లాగి బిగించడం అలవాటున్నవాళ్ళు ఆ చెయ్యి కాస్త వదులు చేసుకోవాలి, లేకపోతే బొంత నిలువునా కుంచించుకుపోయి 7 అడుగులది ఆరున్నర అవుతుంది.

ఈ రకానికి ప్రాణం అంచులో ఉంది. పొరల కొసలు బయటికి కనిపించేలా వదిలేస్తే పదో ఉతుకుకే పీచులు పీచులవుతాయి. మూడంగుళాల గట్టి గుడ్డ పట్టీని మడిచి చుట్టూ వేయండి. ఈ పని కోసం మాత్రం కొత్త పాప్లిన్ కొన్నా దండగ కాదు, ఉతికి కుట్టాలంతే.

గళ్ళ బొంత

దర్జీ ముక్కల్లో అరచేతికంటే పెద్దవి ఎక్కువుంటే ఇది. రవికల లైనింగులు, చొక్కా గుడ్డలు, లంగా ముక్కలు దీనికి బాగా కుదురుతాయి. ఏడంగుళాల అట్టముక్క ఒకటి కోసుకుని దాని కొలతకే అన్నీ కత్తిరించండి. చుట్టూ అర అంగుళం కుట్టుకు పోతే ఆరంగుళాల గడి మిగులుతుంది. వెడల్పుకు 10, పొడవుకు 14, మొత్తం 140. పిల్లల బొంత (4 అడుగులు × ఐదున్నర) అయితే 8 × 11, అంటే 88. పుస్తకాల్లో పావు అంగుళం వదిలితే చాలంటారు. దర్జీ ముక్కలు పలుచన, పీచు ఊడే రకాలు, పైగా హాస్టల్లో బండ మీద బాదుతారు. అర అంగుళమే వదలండి.

ఇక్కడ తప్పేది కొలత. కుట్టు కుట్టుకీ ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, లోపలికి పోతే ఒక్కో అతుకు దగ్గర రెండు ముక్కల్లోంచీ కలిపి పావు అంగుళం పోతుంది. 13 అతుకులకు మూడుంబావు అంగుళాలు. ఒక వరస అలా, పక్క వరస సరిగ్గా ఉంటే రెండూ కలవవు, లాగి కలిపితే బొంత పొట్ట ఉబ్బుతుంది. మిషను పళ్ళెం మీద సూది నుంచి అర అంగుళం దూరాన టేపు ముక్క అంటించి, గుడ్డ అంచు దాన్ని రాసుకుంటూ వెళ్ళేలా కుట్టండి. ఇంకో సంగతి, ఏటవాలుగా కోసిన ముక్కలు సాగుతాయి. పోగు వెంట కోసినవి సాగవు.

గళ్ళన్నీ కలపడానికే దాదాపు 39 మీటర్ల కుట్టు, పైదారం, బాబిన్ దారం కలిపి 100 నుంచి 120 మీటర్లు ఖర్చు. కలపడానికి 14 నంబరు సూది, అంగుళానికి పది కుట్లు. మూడు పొరలు వేశాక 16 నంబరు, అంగుళానికి ఆరేడు. పొరల మీద కుట్టేటప్పుడు మిషను పళ్ళు అడుగు గుడ్డను లాక్కుపోతాయి, పై గుడ్డ వెనకబడుతుంది. చివరికి వచ్చేసరికి పైన ముడత, కింద సాపు. పాదం నొక్కు తగ్గించి, కచ్చా కుట్లు దగ్గరగా వేసుకుని, వరసలన్నీ ఒకే దిక్కుగా కుడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

పీలికల బొంత

మూటలో ముప్పాతిక వంతు రెండు మూడంగుళాల పీలికలే అయితే వేరే దారి లేదు. పాత దుప్పటిలోంచి 13 అంగుళాల చదరాలు 35 కోసి, ఒక్కోదాని మీద పీలికను తిరగేసి కుట్టి, విప్పి, గోటితో గీసి, దాని పక్కన ఇంకోటి. అలా చదరం నిండాక అంచులు సమంగా కోయాలి. అయిదు చదరాలు అడ్డం, ఏడు నిలువు. చూడ్డానికి అన్నిటికంటే అందం ఇదే, మిషను పని కూడా దీనికే ఎక్కువ.

దీని లోపం బరువు. రెండంగుళాల పీలికలో రెండుపక్కలా అర అంగుళం కుట్టుకు పోతే పైకి కనిపించేది ఒక అంగుళమే, మిగతా సగం గుడ్డ లోపల దాక్కుని బొంతను బిరుసు చేస్తుంది. అంగుళంన్నరకంటే సన్నటి పీలికలు దీనికి వాడకండి, తలగడల్లో నింపేయండి. లోపల ఇంకో పొర కూడా అక్కరలేదు, అడుగు గుడ్డ వేస్తే చాలు.

దూది బొంత

కప్పుకుంటే దీని హాయి వేరు, కాదనలేం. దూదేకినవాడి దగ్గర కొత్తగా ఏకించిన దూదితో కుట్టిన బొంత ముందు ఇంకేదీ నిలవదు. కానీ దానానికి మాత్రం చివరి ఎంపిక. కుట్టు వరసల మధ్య నాలుగంగుళాలు దాటితే ఒక్క ఉతుకుతో దూది మూలలకు చేరి గడ్డలవుతుంది. ఉతక్కుండా ఎండలో వేసి కొట్టుకోగలిగిన ఇంటికి, మళ్ళీ ఏకించుకునే వీలున్నవాళ్ళకు ఇవ్వవచ్చు. నలుగురు వాడే చోటుకు వద్దు.

దూదికి బదులు ఫైబరు (పాలిస్టరు) షీటు వేస్తే తేలిక, త్వరగా ఆరుతుంది. మంచాలున్న, వంటగది వేరుగా ఉన్న హాస్టలుకు అది బాగానే ఉంటుంది. చలిమంట ఉన్న ఇంటికి మాత్రం పైన చెప్పిన కారణానికే పనికిరాదు.

మూట ఏరడం

రకం ఏదైనా ఏరివేత ఒకటే. అనుమానమున్న ముక్కలోంచి నాలుగు పోగులు లాగి, ఆరుబయట, పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలయితే కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే పొడయ్యే బూడిద. పాలిస్టరయితే ముడుచుకుని గట్టి నల్లపూసలా మిగులుతుంది. టెర్రికాట్ యూనిఫాం ముక్కలు రెండూ కలిసినవి, పూస కట్టినట్టు కనిపిస్తే పక్కన పెట్టండి. సాగే బనియను గుడ్డ, జరీ ఉన్న పట్టు, చెమ్కీలు ఏ బొంతకూ వద్దు. బరంపురం పట్టు చీర జరీ అంచు చూడ్డానికి ముచ్చటే, పడుకున్నవాళ్ళ చెంపకు మాత్రం గీసుకుంటుంది.

కోట్‌పాడ్ నేత గుడ్డ పాతది దొరికితే అదృష్టం. ముతక నూలు, ఆల్ చెట్టు వేరుతో అద్దిన ఎరుపు. అడుగు గుడ్డగా వేస్తే ఏళ్ళు ఆగుతుంది. నియమగిరి డోంగ్రియా కోంధ్ ఆడవాళ్ళు కుట్టే కప్డాగండ శాలువ పాతబడినా దాన్ని మాత్రం కత్తెరకు అప్పగించకండి. ఆ కుట్టుపని ముక్కలు చేయడానికి కాదు.

కొత్త ముక్కలూ పాతవీ కలిపేముందు కొత్తవాటిని వేడినీళ్ళలో నానబెట్టి ఆరేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకు కొత్తవి ముడుచుకుని పాతవాటిని లాగి చింపుతాయి. ఎరుపు, ముదురు నీలం ముక్కలను తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి. మరక పడితే నీళ్ళు తేటపడేదాకా జాడించాలి, అప్పటికీ వదలకపోతే తీసేయాలి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట నమ్ముకోకండి.

ఎవరికి ఏది

ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళకు గళ్ళ బొంత. పిల్లల్లో గజ్జి వచ్చిందంటే పక్కలన్నీ మరిగే నీళ్ళలో పెట్టాలి, దాన్ని తట్టుకునే రంగులు, గట్టి దారం, అర అంగుళం కుట్టు ఇందులో ఉంటాయి. అన్నీ ఒకే కొలత, ఒకే రకం అడుగు గుడ్డ ఉండేలా చూడండి. ఒకటి అందంగా, ఒకటి వెలిసిపోయినట్టు ఉంటే మొదటి రాత్రే గొడవ. పై ముఖం రంగులు వేరయితే పర్వాలేదు, ఎవరి బొంత ఏదో పిల్లలకు గుర్తుంటుంది.

వృద్ధాశ్రమానికి రెండు పొరల తేలికపాటి చీర బొంతలు, వాటితోపాటు కింద పరుచుకునే గుడ్డలు. పక్క తడిపే పెద్దవాళ్ళకు ఒక పెద్ద బొంతకంటే మార్చుకోను ఆరు చిన్న పరుపుగుడ్డలు ఎక్కువ పనికొస్తాయి. చీరలు కోశాక మిగిలిన 48 × 45 అంగుళాల తునకలు ఇందుకే. మధ్యకు మడిచి, లోపల పాత తువ్వాలు ముక్క పెట్టి కుట్టేయండి, గంటలో ఒకటి తయారు.

ప్రసూతి వార్డుకు 36 అంగుళాల చదరం, బాగా నలిగిన నూలు చీర రెండు పొరలు. బొత్తాలు, లేసు, వేలాడే దారాలు ఉండకూడదు. ఇవి పొత్తిళ్ళకూ, కింద పరచడానికీ. ఏడాదిలోపు పిల్లల మీద బరువైన బొంత కప్పితే అది ముఖం మీదికి జారి ఊపిరాడకపోవచ్చు, కాబట్టి పసిపిల్లల కోసం మందపు బొంత కుట్టాలన్న ఉత్సాహం మానుకోవాలి.

కొండ ఊళ్ళ ఇళ్ళకు నాలుగు పొరల చీర బొంత, పూర్తిగా నూలు, ముదురు రంగు. పీలికల బొంతలోనూ అన్నీ నూలువే అని ఖాయమైతే ఇక్కడికి అదీ మంచిదే. వెచ్చదనం కావాలి, ఇంటికొకటి కాబట్టి ఆరేయడానికి చోటుంటుంది.

తుపాను సాయానికి లెక్క వేరు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. రెండోసారి గజపతి జిల్లా కొండలు బాగా దెబ్బతిన్నాయి. ఆ రోజుల్లో దండెం ఉండదు, ఎండ ఉండదు. పలుచటి రెండు పొరల బొంతలు సెప్టెంబరుకల్లా కుట్టి, ఎండబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి ఉంచితే వాటి అవసరం వచ్చిన రోజున పనికొస్తాయి. చెమ్మ ఉండగా సంచిలో పెడితే లోపలే బూజు పడుతుంది.

రెండు రకాల మధ్య ఎటూ తేలకపోతే తేలికైనది ఎంచుకోండి. చలి ఎక్కువైతే రెండు కలిపి కప్పుకోవచ్చు, బరువైనదాన్ని సగం చేసి ఉతకలేరు.

ఇచ్చేముందు

పూర్తయిన బొంతను ఒకసారి వేడినీళ్ళలో ఉతికి, మామూలుగా ఆరేసి, ఎంతసేపు పట్టిందో చూడండి. ఊడిన కుట్లు, వదిలిన రంగు, మరిచిపోయిన గుండుసూది అన్నీ అప్పుడే బయటపడతాయి. గుండుసూదులు ఎన్ని పెట్టారో లెక్కపెట్టి పెట్టడం, తీసేటప్పుడు లెక్క సరిచూడడం తప్పనిసరి. నాఫ్తలీను ఉండలు వేసి కట్టవద్దు, ఎండిన వేపాకు చాలు.

ఒక మూలకు రెండంగుళాల తెల్లగుడ్డ ముక్క కుట్టి, చెరగని సిరాతో కొలత, అంతా నూలేనా కాదా, వేడినీళ్ళలో ఉతకవచ్చా అన్న మూడు విషయాలు ఒడియాలో రాయండి. కింద తెలుగులో కూడా రాస్తే మంచిదే. ఉతికేవాళ్ళకు ఏ లిపి వస్తుందో ఇచ్చేచోట ఒక మాట అడిగితే తెలిసిపోతుంది. పది బొంతలకు రెండు చొప్పున అదే గుడ్డ ముక్కలు, ఒక సూది, దారం ఉండ చిన్న సంచిలో పెట్టి వార్డెను చేతికివ్వండి.